ఎవోరాలో ఒక పగలు, మట్టి బానల్లో వైన్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరులో నేనూ మావారూ వెళ్తున్నాం. వాడికి దొరికేది ఒక్కరోజు సెలవే. ఏదైనా పాత ఊరు చూడాలని, వైన్ ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూడాలని మా కోరిక. వాడేమో పోర్తో వెళ్లొచ్చేద్దాం అంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు. ఒక్కరోజులో అయ్యే పనేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఈసారికి పోర్తో వద్దండీ. లిస్బన్ నుంచి అక్కడికి రైల్లో వెళ్లడానికే మూడు గంటలు పడుతుంది, ద్రాక్షతోటలు ఉండే డౌరో లోయ అక్కడి నుంచి ఇంకా లోపలికి, మీ ఒక్కరోజూ కిటికీ పక్కనే అయిపోతుంది. ఎవోరాకి వెళ్లండి. లిస్బన్‌కి తూర్పున సుమారు 130 కిలోమీటర్లు, రైల్లో గంటన్నర. రోజుకి నాలుగైదు రైళ్లే కాబట్టి పొద్దున్నే వెళ్లే బండికీ సాయంత్రం తిరిగొచ్చే బండికీ టికెట్లు ముందే తీసుకోమనండి, రైలు కుదరకపోతే బస్సులు చాలానే ఉన్నాయి.

దారిలో కిటికీలోంచి చెట్ల మొదళ్లు గమనించండి. కొన్నిటికి బెరడు ఒలిచేసి ఉంటుంది, ఎర్రటి కాండం మీద తెల్ల రంగుతో ఒక అంకె కనిపిస్తుంది. అవి కార్క్ ఓక్ చెట్లు. అంకె బెరడు ఒలిచిన సంవత్సరంలోని చివరి అంకె. ఒకసారి ఒలిచాక మళ్లీ 9 ఏళ్ల దాకా దాన్ని ముట్టుకోరు. ప్రపంచంలో తయారయ్యే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే, అందులోనూ ఎక్కువ భాగం ఈ అలెంతేజు ప్రాంతానిదే. వైన్ సీసా బిరడా మొదలయ్యేది ఇక్కడే అన్నమాట.

ఇక మోకాళ్ల సంగతి. ఎవోరా చుట్టూ పాత కోటగోడ ఉంటుంది, స్టేషన్ గోడకి బయట, దిగువన. లోపల వీధులన్నీ రాళ్లు పరిచినవి, ఊరి నడిబొడ్డు మిట్ట మీద ఉంటుంది. అందుకని స్టేషన్ దగ్గరే టాక్సీ ఎక్కి నేరుగా మిట్ట మీదున్న రోమన్ ఆలయం దగ్గర దిగండి. అక్కడి నుంచి చూసుకుంటూ కిందికి దిగడమే. ఊరి పెద్ద చర్చి (కథెడ్రల్), ఐదో అక్టోబర్ వీధి, జిరాల్దు కూడలి, చివర్లో సావ్ ఫ్రాన్సిస్కు చర్చి, అన్నీ పల్లం వైపే వస్తాయి. మెత్తటి అడుగున్న బూట్లు మాత్రం తప్పనిసరి, చెప్పులతో ఆ రాళ్ల మీద నడవలేరు.

ఆలయం క్రీ.శ. 1వ శతాబ్దం నాటిది. ఇప్పుడు 14 స్తంభాలు నిలబడి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే స్తంభం గరుకు గ్రానైట్, దాని తలకట్టు మీది ఆకుల చెక్కడం మాత్రం తెల్లని పాలరాయి, ఆ రాయి ఎస్త్రెమోజ్ అనే పక్క ఊరి గనులది. ఇన్నేళ్లు ఇది నిలబడడానికి కారణం ఎవరో భక్తితో కాపాడటం కాదు, మధ్యయుగంలో స్తంభాల మధ్య గోడ కట్టేసి వాడుకున్నారు, 19వ శతాబ్దం దాకా అది మాంసం కొట్టు. పనికొచ్చింది కాబట్టి ఎవరూ కూల్చలేదు. నాకు ఎవోరాలో బాగా నచ్చే సంగతి ఇదే, అక్కడ పాతదాన్ని అద్దాల పెట్టెలో పెట్టలేదు, అందులోనే కాపురం చేశారు. 1530లలో కట్టిన నీటి కాలువ కమానుల కింద ఇప్పటికీ ఇళ్లున్నాయి, కానూ వీధికి వెళ్తే తలుపులూ కిటికీలూ ఆ కమానుల్లోనే కనిపిస్తాయి. ఊరంతటికీ 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక్క వైనరీకి వెళ్లండి, ఒక్కటే. రెండు మూడు పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు. కారు లేకపోతే కార్తూషా అనే వైన్ సంస్థ వాళ్ల పాత సెల్లార్ మేలు, కోటగోడ దాటి కొద్ది దూరమే, ఒకప్పుడు జెస్యూట్ గురువుల ఆస్తి. చోటు ముందుగా బుక్ చేసుకోవాలి.

ప్రశ్న: ఎవోరాలో ఎముకలతో కట్టిన ప్రార్థనా మందిరం ఉందట. ఎనిమిదేళ్ల పాపని తీసుకెళ్లొచ్చా? భయపడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– సీతమ్మధార

జవాబు: తీసుకెళ్లొచ్చు, కానీ లోపలికి వెళ్లే ముందు పాపకి విషయం చెప్పండి. 17వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు, శ్మశానాలు నిండిపోయి చోటు లేక, పాత సమాధుల్లోంచి తీసిన ఎముకల్ని గోడలకీ స్తంభాలకీ పేర్చి కట్టారు. సుమారు 5,000 మందివి అంటారు. గుమ్మం మీద "ఇక్కడున్న ఎముకలం, మీ ఎముకల కోసం ఎదురుచూస్తున్నాం" అని రాసి ఉంటుంది. భయపెట్టడానికి కాదు, డబ్బున్నవాడైనా లేనివాడైనా చివరికి ఇంతేనని కళ్లారా చూడమని. మన శ్మశానాల్లో వినే వైరాగ్యమే అది. పాప మొహం మారితే వెంటనే బయటికి వచ్చేయండి, బలవంతం వద్దు. పిల్లలకి ఇంతకన్నా నచ్చేది మిట్ట మీదున్న పెద్ద చర్చి (కథెడ్రల్) పైకప్పు, మెట్లెక్కితే ఊరంతా కనిపిస్తుంది. 1584లో జపాన్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఆ పెద్ద చర్చిలోనే ఆర్గన్ వాయించి అందర్నీ ఆశ్చర్యపరిచారు, ఆ కథ చెప్పండి.

ప్రశ్న: అక్కడ మట్టి కుండల్లో వైన్ చేస్తారని చదివాను. మట్టిలోంచి కారిపోదా? పులిసి పాడవదా? అసలు ఎలా చేస్తారో వివరంగా చెప్పండి.
– గాజువాక

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఆ బానల్ని తాల్యా అంటారు. పెద్దవి మనిషెత్తు పైనే ఉంటాయి, వెయ్యి లీటర్లకి మించి పడతాయి. రోమన్ల కాలం నుంచీ, అంటే సుమారు 2,000 ఏళ్లుగా అలెంతేజులో ఈ పద్ధతి ఆగలేదు.

మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి కదా, అందుకే బాన లోపల పైన్ చెట్టు బంకని కాచి పూస్తారు. కారడం ఆగుతుంది, వైన్‌కి ఓ సన్నని వాసన కూడా పడుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో కోసిన ద్రాక్షని చిదిపి, తొక్కలూ గింజలూ, కొందరైతే కాడలు కూడా, అన్నీ కలిపి బానలో పోస్తారు. పండు మీదుండే ఈస్ట్‌తోనే పులియడం మొదలవుతుంది. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ తొక్కలన్నిటినీ పైకి తోసి గట్టి మూతలా చేస్తుంది. అసలు పనంతా ఇక్కడే. రోజుకి రెండు మూడుసార్లు నిచ్చెనేసుకుని ఎక్కి, కర్ర తెడ్డుతో ఆ తొక్కల్ని కిందికి అదమాలి. అదమకపోతే లోపల గ్యాస్ బిగుసుకుపోయి బాన పగిలిపోవచ్చు. అలా పగిలిన రోజులున్నాయి కాబట్టే పాత సెల్లార్లలో నేల ఒక వైపుకి వాలుగా ఉంటుంది, ఆ పల్లంలో ఒక కుండ పాతి ఉంటుంది, కారిన వైన్ అందులోకి చేరడానికి. వేడి ఎక్కువైతే బాన మీద నీళ్లు చల్లుతారు, తడి గుడ్డలు చుడతారు. పులిసే రోజుల్లో బానకి చెవి ఆనిస్తే లోపల బుసబుస వినిపిస్తుంది.

పులియడం ఆగాక తొక్కలు వాటంతటవే అడుక్కి దిగుతాయి. అప్పుడు గాలి తగలకుండా పైన ఆలివ్ నూనె పోసే అలవాటుంది, ఆవకాయ జాడీలో నూనె పైకి తేలితేనే మనకి ధైర్యం కదా, లెక్క అదే. బాన అడుగు దగ్గర చిన్న కన్నం, దానికి చెక్క కుళాయి బిగిస్తారు. పైనుంచి వచ్చే వైన్ అడుగున పేరుకున్న తొక్కల్లోంచి వడకట్టుకుంటూ దిగుతుంది. మొదట మడ్డిగా వస్తుంది, దాన్ని మళ్లీ పైన పోసేస్తారు, కాసేపటికి తేటగా సన్నని ధార కడుతుంది. యంత్రం లేదు, ఫిల్టర్ లేదు. తెల్ల ద్రాక్షతో చేసినా తొక్కలతో నానుతుంది కాబట్టి రంగు తేనె రంగులోకి తిరుగుతుంది.

బానలు తెరిచేది సెయింట్ మార్టిన్ పండగకి, నవంబరు 11న. 2010లో ఈ వైన్‌కి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చినప్పుడు కూడా ఆ తేదీ దాకా తొక్కలతోనే ఉంచాలని నియమం పెట్టారు. అందుకని ఎంవీపీ కాలనీ అమ్మగారూ, మీరు అక్టోబరులో వెళ్తే కొత్త వైన్ తాగలేరు కానీ నిండుగా ఉన్న బానల్ని చూడొచ్చు, నా దృష్టిలో అదే అసలైన సమయం.

కారుంటే ఎవోరాకి ఆగ్నేయంగా రెగెంగుష్ ద మొన్సరాజ్ వెళ్లండి, అక్కడి జుజె ద సౌజా సెల్లార్‌లో వందకి పైగా బానలు వరసగా ఉంటాయి. లేదా దక్షిణాన విదిగైర పక్కనున్న విలా ద ఫ్రాదెష్ అనే పల్లె. ఆంటావ్ వాజ్ అనే తెల్ల ద్రాక్షకి పేరున్న చోటు. విదిగైర అంటే మనకి సంబంధం ఉంది, కోళికోడ్ తీరానికి వచ్చిన వాస్కో డ గామాని 1519లో ఆ ఊరికి కౌంట్‌ని, అంటే జమీందారు లాంటి ప్రభువుని, చేశారు. 1524లో కొచ్చిలో చనిపోతే, 1539లో ఆయన అస్థికల్ని అక్కడికే తీసుకెళ్లారు, 1880 దాకా అక్కడే ఉన్నాయి. ఒక్క మాట, కారు నడిపే అబ్బాయి వైన్ రుచి చూసి ఉమ్మేయాలి, అందుకు పాత్ర పెడతారు, దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

ప్రశ్న: మేం శాకాహారులం, వైన్ తాగం. మాకు అక్కడ ఏముంది?
– పెదవాల్తేరు

జవాబు: తాగకపోయినా సెల్లార్ చూడొచ్చు, నిరభ్యంతరంగా. భోజనం దగ్గరే కాస్త జాగ్రత్త. అలెంతేజు వంటలో పందిమాంసం ఎక్కువ, కానీ వాళ్లకి కొత్తిమీర మీద ఉన్న ప్రేమ చూస్తే మీకు ముచ్చటేస్తుంది. అసోర్ద అనే వంటకంలో కొత్తిమీర, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరి, ఆలివ్ నూనె, మరిగే నీళ్లు పోసి, నిన్నటి రొట్టె ముక్కలు వేస్తారు. పైన గుడ్డు వేస్తారు, వద్దని చెప్పండి. నీళ్లు చేప ఉడికించినవా అని కూడా అడగండి, చాలాచోట్ల అవే పోస్తారు. ఇంకోటి, ఎవోరా గొర్రెపాల చీజ్. చాలా చీజ్‌లకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, దీనికి మాత్రం ముళ్లజాతి మొక్క పువ్వు నానబెట్టిన నీళ్లు. కాబట్టి మీరు తినొచ్చు.

ప్రశ్న: వైన్ సీసాలు వైజాగ్ తెచ్చుకోవచ్చా?
– మధురవాడ

జవాబు: మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు, అంటే మామూలు సీసాలు రెండు. వైజాగ్‌కి నేరుగా విమానం లేదు కాబట్టి దారిలో మారాలి, చేతిసంచిలో పెడితే ఎక్కడో ఒకచోట తీసేసుకుంటారు. స్వెట్టర్లలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. బరువు వద్దనుకుంటే ఐదో అక్టోబర్ వీధిలో కార్క్‌తో చేసిన పర్సులూ సంచులూ దొరుకుతాయి, తేలిక, నీళ్లు పడ్డా ఏమీ కావు.