లడఖ్ ఫొటో యాత్రకు పర్సనల్ లోనా, కార్డు ఈఎంఐనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు 1,05,000 చేతికొస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమె జీతం 24,000. ఐదేళ్ల బాబు ఉన్నాడు. హోమ్‌లోన్ ఈఎంఐ 38,000, ఇంటి ఖర్చులు 42,000, బాబు ఫీజు, వ్యాన్ కలిపి 8,000. జగిత్యాలలో ఉండే అమ్మానాన్నలకు 10,000 పంపిస్తాను. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వాయిదా) 10,000 కడుతున్నాను. ఎఫ్‌డీలో 2,60,000 ఉన్నాయి. ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ అంటే నాకు ప్రాణం. సెప్టెంబరు చివర్లో ఇద్దరు మిత్రులతో కలిసి నా కారులో జైసల్మేర్ డెజర్ట్ నేషనల్ పార్క్, అక్కడి నుంచి మనాలి, లేహ్, హెమిస్ నేషనల్ పార్క్, హాన్లే చూసి రావాలని ప్లాన్ వేశాను. 24 రోజులు, 6,500 కిలోమీటర్లు. నా వాటా ఖర్చు 2,30,000. కొత్త ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, రెండు లెన్సులకు 3,20,000. బ్యాంకు 14 శాతం వడ్డీకి 4 లక్షల పర్సనల్ లోన్ ముందే మంజూరు చేసింది. మిగతా లక్షన్నర ఎఫ్‌డీలోంచి తీస్తాను. తిరిగొచ్చాక ఫొటోలు అమ్మి కొంత రాబట్టుకుంటాను. పర్సనల్ లోన్ మంచిదా, కెమెరాకి నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే వాయిదాలు) మంచిదా? మధ్యలో ఏదైనా అవసరం పడితే క్రెడిట్ కార్డు లిమిట్ 5 లక్షలు ఉంది.

జవాబు: రెండూ వద్దు. ఈ సెప్టెంబరులో, ఈ పద్ధతిలో, ఈ ప్రయాణమే వద్దు. ప్రయాణం మానుకోమనడం లేదు, అది కూడా చెబుతాను. కానీ మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది లోన్ గురించి అడిగినందుకు కాదు. చివరి వాక్యం కోసం. 'కార్డు లిమిట్ 5 లక్షలు ఉంది' అన్న మాట నాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపిస్తుంది, చూసిన ప్రతిసారీ గుండె గుభేలుమంటుంది. ఆ ఐదు లక్షలు మీవి కావు. బ్యాంకువి. వాటిలో రూపాయి వాడినా అది అప్పే. బాకీ పూర్తిగా కట్టకపోతే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకన్నా ఎక్కువ వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ జీఎస్టీ.

మీ లెక్కనే కాస్త ముందుకు తీసుకెళ్దాం. సిప్ కాకుండా మీ ఇంటికి నెలకు తప్పనిసరిగా కావలసింది 98,000. ఎఫ్‌డీలో ఉన్న 2,60,000 రెండున్నర నెలలకు కాస్త పైన వస్తుంది. ఇప్పటికే తక్కువ. అందులోంచి లక్షన్నర తీస్తే 1,10,000 మిగులుతుంది. లోన్ 36 నెలలకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 13,700. అంటే మీ నెల ఖర్చు 1,11,700 అవుతుంది. మీరు లేహ్ నుంచి తిరిగొచ్చే రోజుకి మీ దగ్గర ఒక్క నెలకు సరిపడా డబ్బు కూడా ఉండదు. ఇద్దరు సంపాదించే ఇల్లు ఈ స్థితికి రావడానికి ఉద్యోగం పోనక్కర్లేదు, జీతం పదిహేను రోజులు ఆలస్యమైతే చాలు. పైగా మూడేళ్లలో వడ్డీయే 92,000 దాకా కడతారు. ఇప్పుడు నెలకు మిగిలే 21,000 కాస్తా 7,300కు దిగుతుంది కాబట్టి, తీసిన లక్షన్నర తిరిగి పోగు కావడానికే 20 నెలలు దాటుతుంది.

మీరు ఎంచుకున్న దారి ఎలాంటిదో కూడా చూడండి. మనాలి నుంచి లేహ్ వెళ్తుంటే అటల్ టన్నెల్ దాటాక తాండి వస్తుంది. అక్కడి పెట్రోలు బంకులో 'తర్వాతి బంకు 365 కిలోమీటర్లు' అని ఒక బోర్డు ఉండేది. దాని పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్లు తక్కువ. ఆ బోర్డు చూశాక ఎవరూ సగం ట్యాంకుతో బయల్దేరేవారు కాదు, డబ్బాల్లో కూడా నింపుకునేవారు. కారు విషయంలో మీరూ అంతే జాగ్రత్తపడతారు, సందేహం లేదు. ఇంటి విషయంలో మాత్రం ఉన్నదాంట్లో సగం పైగా ఒంపేసి వెళ్తానంటున్నారు.

ఆ దారి గురించి నాకు తెలిసింది ఒక క్లయింటు వల్ల. బారాలాచా లా కనుమ ఎక్కే ముందు రోడ్డుకు అడ్డంగా మంచు కరిగిన నీళ్లు పారే చోట్లు ఉంటాయి, నాలాలు అంటారు. పొద్దున్న దాటితే చీలమండ లోతు. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. దారిలో ఫొటోలకు ఆగుతూ ఆగుతూ ఆయన అక్కడికి చేరేసరికి మూడు దాటింది. నీళ్ల మధ్యలో కారు ఆగిపోయింది. కంగారులో మళ్లీ స్టార్ట్ చేశారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక తాళం తిప్పితే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. లారీ మీద ఎక్కించి మనాలి తెచ్చారు. మెకానిక్ తీసి చూపించిన ఎయిర్ ఫిల్టర్ ఫొటో ఆయన ఫోన్‌లో ఇంకా ఉంది. వానలో నానిన అట్టపెట్టెలా ఉబ్బిపోయి, అంచుల నుంచి నీళ్లు కారుతూ ఉంటుంది. లారీ, ఇంజిన్ పని అంతా కలిపి 1,80,000 బిల్లయింది. ఆయన కారు బీమా పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ (కాస్త అదనపు ప్రీమియం కడితే ఇంజిన్ నష్టానికి కూడా వర్తించే కవరు) లేదు, క్లెయిమ్ రాలేదు. చేతిలో డబ్బు లేదు, కార్డు గీకారు. నెలకు పదివేల చొప్పున కడుతూ పోతే రెండున్నరేళ్లు దాటింది, మొత్తం కట్టింది మూడు లక్షలు దాటింది. ఆయన జీతం మీకన్నా ఎక్కువ. లేనిదల్లా పక్కన పెట్టుకున్న డబ్బు.

కాబట్టి బయల్దేరే ముందు మీ కారు పాలసీలో ఆ యాడాన్ ఉందో లేదో చూడండి. ఖర్చు పెద్దగా ఉండదు, కానీ సాధారణంగా పాలసీ రెన్యువల్ అప్పుడే చేర్చుకోగలం.

ఇక మనుషుల సంగతి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. మీరు నక్షత్రాల కోసం వెళ్తానంటున్న హాన్లే నాలుగు వేల మీటర్లు దాటుతుంది. అక్కడి అబ్జర్వేటరీ ఉన్న కొండ 4,500 మీటర్లు. ఆ ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మందు కంటే ముందు చేయాల్సింది కిందకు దించడం. రాత్రికి రాత్రి వాహనం మాట్లాడాలి, ఆక్సిజన్ కావాలి, ఆసుపత్రి మీ ఆరోగ్య బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో లేకపోతే ముందు మీ జేబులోంచి కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సి రావచ్చు. లడఖ్‌లో బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అది కూడా అన్ని చోట్లా అందదు. సిగ్నల్ లేని చోట మీ కార్డు లిమిట్ ఐదు లక్షలైతేనేం, యాభై లక్షలైతేనేం?

కానీ నాకు మీ ప్రయాణంలో జరిగేదాని కంటే జగిత్యాలలో జరిగేదే ఎక్కువ టెన్షన్. అమ్మానాన్నలు ఆఫీసు గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలో లేరని, నాన్నగారికి 66 ఏళ్లు, షుగర్ ఉందని మీ ఉత్తరంలో ఇంకోచోట రాశారు. ఇవాళ పాలసీ తీసుకున్నా ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. అయినా తీసుకోండి, షుగర్ సంగతి దాచకుండా రాసి తీసుకోండి. ఆ మూడేళ్లూ వాళ్లకు ఏదొచ్చినా ఆదుకోవాల్సింది మీ ఎఫ్‌డీయే. మీరు లక్షన్నర తీయబోతున్నది దాంట్లోంచే. మీ టర్మ్ పాలసీ (జీవిత బీమా) 50 లక్షలకే ఉంది, హోమ్‌లోన్ బాకీయే 41 లక్షలు. కనీసం కోటిన్నరకు పెంచండి.

మిగతా దారుల గురించి కూడా చెప్పేస్తాను. నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ మీ మీదే పడతాయి, నగదు డిస్కౌంటు కూడా పోవచ్చు. గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే, కానీ విహారానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టమని నేను చెప్పను. ఎఫ్‌డీ మీద లోన్ తీసుకున్నా ఆ డబ్బు అవసరానికి అందకుండా పోతుంది. సిప్ ఆపకండి. ఫొటోలు అమ్మి కిస్తీ కడతానన్న మాటకు మన పెద్దలు ఎప్పుడో సామెత చెప్పారు: ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంతవరకు ఒక్క ఫొటో అమ్మినట్టు మీరు రాయలేదు. వచ్చే నెల నుంచి పక్కాగా పడే ఈఎంఐని, వస్తుందో రాదో తెలియని డబ్బుతో ముడిపెట్టడం చాలా ప్రమాదం.

ఇప్పుడు ఎలా వెళ్లాలో చూద్దాం. మీ ప్లాన్‌లో డబ్బు కంటే ముందు ఒక చిక్కుంది, కాలం. సెప్టెంబరు చివర్లో జైసల్మేర్‌లో పగలు ఎండ మండిపోతుంది. మీరు ఎడారి ముగించుకుని లేహ్ చేరేసరికి అక్టోబరు, ఎత్తైన కనుమల్లో మంచు పడి రోడ్డు మూసేసే రోజులు మొదలవుతాయి. ఎడారికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. లడఖ్ ఆకాశం నిర్మలంగా ఉండేది సెప్టెంబరులో. ఒకే ప్రయాణంలో రెండూ ఇరికిస్తే రెండింట్లోనూ మీకు కావలసిన వెలుతురు దొరకదు. విడగొట్టండి. ఖర్చు కూడా రెండుగా విడిపోతుంది.

నెలకు మిగిలే 21,000లో 14,000 అత్యవసర నిధికి, అంటే ఆ ఎఫ్‌డీకి, 7,000 యాత్రకు పక్కన పెట్టండి. ఈ జులై నుంచి జనవరికి యాత్ర ఖాతాలో 49,000 ఉంటాయి, నిధి 3,58,000 అవుతుంది. జనవరి చివర్లో రైల్లో జైసల్మేర్ వెళ్లి, అక్కడ జీపు మాట్లాడుకుని సామ్ ఇసుక దిబ్బలు, డెజర్ట్ నేషనల్ పార్క్ చూసి రండి. 49,000లో వారం రోజులు హాయిగా గడుస్తుంది. బట్టమేక పక్షి కనిపిస్తే మీ అదృష్టం. ఫిబ్రవరి నుంచి మరో ఎనిమిది నెలలు ఇలాగే చేస్తే, మార్చిలో చేతికొస్తుందన్న 1,20,000 బోనస్‌ని కూడా చెరి సగం చేస్తే, వచ్చే సెప్టెంబరుకి నిధిలో 5,30,000, యాత్రకు 1,16,000 ఉంటాయి. అయిదు నెలల ఖర్చుకు పైగా ఇంట్లో ఉంచి మీరు లేహ్ వెళ్తారు. అమావాస్య చూసుకుని వెళ్తే హాన్లేలో పాలపుంత మీకు కావలసినట్టు దొరుకుతుంది. 1,16,000 చాలదనిపిస్తే రోజులు తగ్గించండి. నిధి జోలికి మాత్రం వెళ్లొద్దు.

కెమెరా ఇప్పుడు కొనకండి. హైదరాబాద్‌లో ఫుల్‌ఫ్రేమ్ బాడీలు, లెన్సులు రోజువారీ అద్దెకిచ్చే షాపులున్నాయి. ముందు రెండు రోజులకు తీసుకుని గండికోట వెళ్లండి. పెన్నా లోయ అంచున సూర్యోదయానికి నిలబడి, మీ పాత కెమెరాతో, అద్దె కెమెరాతో అదే ఫొటో తీయండి. పెద్ద సైజులో ప్రింట్ వేయించి పక్కపక్కన పెట్టి చూడండి. 3,20,000 తేడా మీ కంటికి కనిపిస్తే, లడఖ్ తర్వాత దానికి వేరే పొదుపు మొదలుపెడదాం. అద్దెకు తీసుకునేటప్పుడు పగిలితే, పోతే ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి.

కారు విషయంలో ఒక హెచ్చరిక. మిత్రుల్లో ఒకరు 'తెలిసినవాళ్ల పెద్ద కారు రోజుకింత అద్దెకు దొరుకుతుంది' అన్నారని రాశారు. తెల్ల నంబరు ప్లేటు కారును, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయిన కారును, అద్దెకు తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం చాలు. మీ కారులోనే వెళ్లండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరు మీదే ఉందన్నారు. హాన్లేలో మీ ఫోన్ రెండు రోజులు పలకకపోతే, అదే రాత్రి జగిత్యాల నుంచి ఫోన్ వస్తే, మీ భార్య ఆ డబ్బు తీయలేరు. బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లి ఎఫ్‌డీని జాయింటుగా మార్పించండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. గడువుకు ముందే ఒక్కరి సంతకంతో ఇస్తారో లేదో అప్పుడే బ్యాంకును అడిగి ఖాయం చేసుకోండి. నెల ఖర్చుకు సరిపడా డబ్బు ఆమె సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. పాలసీ నంబర్లు, ఆఫీసు హెచ్‌ఆర్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించండి.