ప్రోనోటు మీద తేదీ చూశారా?

ప్రశ్న: మావారి స్నేహితుడికి నాలుగు లక్షలు అప్పిచ్చాం. ప్రోనోటు నా పేరునే ఉంది. రెండేళ్ల పది నెలలు దాటింది. మొన్న ఫోన్లో ఇరవై వేలు పంపి, మిగతాది వచ్చే నెల అన్నాడు. దావా వేస్తే ఉన్నదీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మాయి కాలేజీ ఫీజు దగ్గరకొస్తోంది.

జవాబు: అమ్మా, ముందు బీరువాలోంచి ఆ నోటు తీసి తేదీ చూడండి. అడిగినప్పుడు తీర్చే ప్రోనోటుకు, రాసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. అది దాటితే కాలదోషం పడుతుంది, అంటే ఇక దావా చెల్లదు. అంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలు కూడా కాదు. లాయర్ నోటీసు ఇచ్చినా ఆ గడువు ఆగదు.

ఆ ఇరవై వేలు ఫోన్లో వచ్చాయి కాబట్టి సరిపోతుందని అనుకోకండి. అతన్ని ఇంటికి పిలిచి, నోటు వెనక చెల్లు వేయించి, అంటే ఇరవై వేలు కట్టినట్టు రాయించి, తేదీతో సంతకం చేయించుకోండి. గడువులోపు ఆ సంతకం పడితే మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. తప్పించుకు తిరిగితే మాత్రం మొహమాటపడకండి, దావా వేసేయండి. కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు. అందుకే వడ్డీలో కొంత వదులుకునైనా రాజీకి మొగ్గమంటాను.

లాయర్‌కి డబ్బు కట్టేముందు, అప్పు తీసుకున్న మనిషి పేర ఏముందో కనుక్కోండి. డిక్రీ, అంటే డబ్బు కట్టమని కోర్టు తీర్పు వచ్చినా, వసూలుకు మళ్లీ ఈపీ (తీర్పును అమలు చేయించే పిటిషన్) వేయాల్సిందే. అతని జీతం 31 వేలనుకుందాం. మొదటి వెయ్యి ముట్టుకోరు, మిగిలిన 30 వేలల్లో మూడో వంతే జప్తు చేస్తారు. నెలకు పది వేలు, అదీ ఒక డిక్రీ మీద 24 నెలలకు మించి కాదు. అంటే జీతం నుంచి రెండు లక్షల నలభై వేలే. స్థలమో ఇల్లో ఉంటే లెక్క వేరు. ఏమీ లేని మనిషి మీద, అందులోనూ అప్పు తెచ్చి దావా వేయమని నేను చెప్పను.

అమ్మాయి ఫీజుకు ఈ డబ్బును మాత్రం లెక్కలో రాసుకోకండి. ఉన్న పొదుపులోంచి ఆ ఫీజును విడిగా తీసి పెట్టండి, దావా ఖర్చు దాని జోలికి రాకూడదు. ఈ వారంలోనే నోటు తీసుకుని లాయర్‌ని కలవండి. అసలు నోటు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సు ఇవ్వండి, దావా వేసే రోజున అసలుది ఇవ్వొచ్చు.