గోడ పగలగొట్టే ముందు పాత టీవీ పైపు చూడండి

మీ ప్రశ్న ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో రెండంతస్తుల పాత ఇల్లు, రూటర్ కింద హాల్లో ఉంది, పై గదికి వైఫై అందట్లేదు, కేబుల్ వేయాలంటే గోడంతా గాడి కొట్టాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. అప్పుడే ఒప్పుకోకండి.

హాల్లోనూ పై గదిలోనూ టీవీ పాయింట్లు ఉంటే, ఆ రెండు పైపులూ సాధారణంగా మేడ మీదికే, అంటే ఇంటి పైకప్పు మీదికే, వెళ్తాయి. హాల్ నుంచి మేడకి, మేడ నుంచి గదికి, అదే మీ దారి. టీవీ కేబుల్ మందం సుమారు 7 మి.మీ., నెట్ కోసం వేసే క్యాట్ 6 కేబుల్ సుమారు 6 మి.మీ., కాబట్టి అది పట్టిన పైపులో ఇదీ పడుతుంది. వాడకం లేని ల్యాండ్‌లైన్ పైపు ఉంటే అదీ చూడండి. ఒకరు ఒక చివర మెల్లగా లాగుతుంటే ఇంకొకరు రెండో చివర కనిపెట్టాలి. వైరు కదిలితే గోడ జోలికి వెళ్లక్కర్లేదు.

పాత కేబుల్ చివర కొత్తది కట్టి, పాతదాన్ని లాగితే కొత్తది లోపలికి వస్తుంది. లాగేటప్పుడు తెగేది ఆ ముడి దగ్గరే. కొత్త కేబుల్ పైతొక్క 10 సెం.మీ. తీసి, ఎనిమిది తీగల్లో నాలుగు కత్తిరించేయండి. మిగతా నాలుగింటిని పాత కేబుల్ మధ్య తీగకి కొక్కెంలా మెలేసి, ముందు సన్నంగా వెనక లావుగా ఉండేలా టేపు చుట్టండి. ముడి లావైతే బెండు దగ్గర ఇరుక్కుంటుంది. పక్కనే ఒక నైలాన్ తాడు కూడా కట్టి లోపలే ఉంచేయండి, రేపు ఇంకో కేబుల్ కావాలంటే అదే ఆధారం. టాల్కం పౌడర్ రాస్తే జారుతుంది. గ్రీజు, కొబ్బరినూనె వద్దు, తొక్క పాడవుతుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు లోపలికి తోయాలి. సుమారు 11 కిలోల బలం దాటితే లోపల రెండేసి తీగలు మెలేసిన జతల మెలిక చెడుతుంది, బయటికి ఏమీ కనిపించదు.

కదలకపోతే? స్లాబు పోసినప్పుడు పైపు జాయింట్లోంచి సిమెంటు పాలు దిగి గట్టిపడి ఉంటుంది. స్టీలు స్ప్రింగును రెండు చివర్ల నుంచీ దూర్చి, ఎంత పొడవు వెళ్లిందో కొలిచి గోడ మీద గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య మేర మాత్రమే పగలగొట్టి, పైపు ముక్క మార్చి, కోళ్ల జాలీ వేసి ప్లాస్టరింగ్ చేయిస్తే బీట రాదు. కాలమ్, బీమ్ మాత్రం ముట్టుకోవద్దు.

కరెంటు పైపులోంచి మాత్రం వేయనివ్వకండి. 'ఏం కాదండీ' అంటారు. లోపల 230 వోల్టుల వైరు తొక్క చెడితే ఆ కరెంటు నేరుగా మీ రూటర్‌కీ కంప్యూటర్‌కీ రావచ్చు. కొత్తగా పైపు వేస్తే కరెంటు పైపుకి జానెడు దూరంలో పెట్టండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

కేబుల్ కొనేటప్పుడు కొంచెం తీగ బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే రాగిపూత పూసిన అల్యూమినియం, తీసుకోవద్దు. సముద్రపు గాలికి కొసలు త్వరగా పాడవుతాయి, జాక్‌లో పట్టు వదులుతుంది. సగటు ఇంటికి ఈ దారిలో 25 మీటర్ల దాకా పడుతుంది, 30 తీసుకోండి. మేడ మీద కనిపించే భాగం ఎండకి తట్టుకునే పైపులో ఉండాలి. క్లాంపులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి, బీచ్ దగ్గర జింకు పూత ఇనుపవి (జీఐ) తుప్పు పట్టి ఊడిపోతాయి. పైపు గోడలోకి దూరే చోట కేబుల్ ఒక మలుపు కిందికి దిగి పైకెక్కాలి, అక్టోబరు తుపాన్ల వాన లోపలికి పారదు.

రెండు చివర్లా బాక్సులో 30 సెం.మీ. అదనంగా ఉంచి, జాక్‌కి రెండు వైపులా ఒకే రంగుల వరస (టీ568బీ) పాటించండి. జత మెలిక 13 మి.మీ. కంటే ఎక్కువ విప్పొద్దు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగినా, ల్యాప్‌టాప్‌ని నేరుగా పెట్టి లింకు వేగం చూడండి. పోర్టులు గిగాబిట్‌వే అయి ఉండి 1000 ఎంబీపీఎస్ బదులు 100 చూపిస్తే, నీలం జతో గోధుమ జతో సరిగా తగల్లేదు. 100కి నారింజ, ఆకుపచ్చ జతలే చాలు కాబట్టి నెట్ వస్తూనే ఉంటుంది, తప్పు బయటపడదు. ముందు జాక్‌లో తీగలు మళ్లీ బిగించండి, గోడలోని కేబుల్‌ని అనుమానించేది ఆ తర్వాతే.