రాష్ట్ర స్థాయి ఆర్కిటెక్చర్ అవార్డుకు ఇల్లు పంపుతున్నారా? ముందు సెక్షన్ గీయండి

మీరు అడిగింది ఇది: సొంత ప్రాక్టీస్ పెట్టి నాలుగేళ్లే అయింది, రాష్ట్ర స్థాయి డిజైన్ అవార్డుకు ఒక ఇల్లు పంపొచ్చా, పంపితే దేని మీద శ్రమ పెట్టాలి అని. తప్పకుండా పంపండి. శ్రమ మాత్రం సెక్షన్ మీద పెట్టండి, అంటే ఇంటిని నిలువుగా కోసినట్టు లోపలంతా చూపించే బొమ్మ మీద. రాజమండ్రిలో నాది కూడా చిన్న ఆఫీసే, నాతో ఇద్దరు జూనియర్లు. రెండుసార్లు పంపాం. మొదటిసారి జ్యూరీ దాకా వెళ్లలేదు. రెండోసారి తుది జాబితాలోకి వచ్చింది కానీ అవార్డు రాలేదు.

మొదటిసారి ఎందుకు పోయిందంటే, షీట్ల మీద, అంటే మనం పంపే బొమ్మలు, ఫోటోల కాగితాల మీద, ఆర్కిటెక్ట్ పేరు ఎక్కడా కనిపించకూడదని నిబంధన. పేరు, వివరాలు ఉండే టైటిల్ బ్లాకులన్నీ తీసేశాం. ఒక ఫోటోలో మాత్రం గేటు పక్కన మా ఆఫీసు బోర్డు అలాగే ఉండిపోయింది. ఎంట్రీని పక్కన పెట్టేశారు. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని అది, చాలా బాధేసింది. ఇప్పుడు షీట్లు ప్రింట్ తీసి, ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఒకరి చేతిలో నిబంధనల కాగితంతో పాటు పెడతాను. మన కళ్లు ఆ బొమ్మలకు అలవాటుపడిపోయి ఉంటాయి, మనకు కనిపించవు.

రెండోసారి పంపింది అమలాపురం దగ్గర ఒక మండువా ఇల్లు, నడిమధ్య పైకప్పు లేని వాకిలి (మండువా) ఉండే పాతకాలపు ఇల్లు. సగం పాతది ఉంచి, సగం కొత్తగా కట్టాం. 1996 నవంబరు తుఫానుకు ఆ ఇంటి పెంకులు లేచిపోయాయట. అందుకని ఇంటాయన మొత్తం స్లాబే వేయమన్నారు. రెండు పక్కల గదులకు స్లాబ్ వేసి, మండువా చుట్టూ మాత్రం పెంకులే ఉంచుదామని ఒప్పించాం, ప్రతి పెంకునూ తీగతో కట్టించాం. టేకు స్తంభాల అడుగును చెద తినేసింది. వడ్రంగి మేస్త్రి ఒక్కోటి తట్టి చూసి, చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ సుద్దతో గీత గీశాడు. అడుగున్నర దాకా కోసేసి, కింద రాతి దిమ్మలు పెట్టి స్తంభాలు నిలబెట్టాం.

ఇంత కథ ఉంటే, మా షీట్ల నిండా ఏముందో తెలుసా? ఎనిమిది పెద్ద ఫోటోలు, మూలన అరచేయంత సెక్షన్. ప్రజెంటేషన్‌లో జ్యూరీలో ఒక పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: "వాన నీళ్లు మండువాలో పడ్డాక ఎటు పోతాయి?" నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలే ఇల్లు అది, అసలు ఆ ఇంటి పుట్టుకే ఆ ప్రశ్న చుట్టూ ఉంది. నీళ్లు పోయే దారి మేం చక్కగానే చేశాం. నేల వాలు ఒక మూలకు, అక్కడ తూము, అక్కడి నుంచి వెనక కొబ్బరి తోటలోని గుంటకు. నోటితో చెప్పాను. షీటు మీద మాత్రం ఒక్క గీత లేదు. ఆయన తలూపి తర్వాతి షీటుకు వెళ్లిపోయారు.

అందుకే సెక్షన్ అంటున్నాను. ఆగాఖాన్ అవార్డు లాంటి అంతర్జాతీయ ఆర్కిటెక్చర్ అవార్డుల్లో తుది జాబితాలోని కట్టడాలను నిపుణులు స్వయంగా వెళ్లి చూసి వస్తారు. మన రాష్ట్ర స్థాయిలో సాధారణంగా ఆ అవకాశం ఉండదు, షీటే మాట్లాడాలి. గాలి, వాన, ఎండ మీ ఇంట్లో ఎలా నడుస్తాయో ఒక పెద్ద సెక్షన్‌లో చూపించండి. ఫోటోలు నాలుగు చాలు.

పని జరుగుతుండగానే ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. సుద్ద గీత ఉన్న స్తంభం ఫోటో మా జూనియర్ సరదాగా తీసింది. జ్యూరీ ఎక్కువసేపు ఆగింది దాని దగ్గరే. ఆ మేస్త్రి పేరు ఎంట్రీ ఫారంలో రాశాం. మీరూ రాయండి, అది వాళ్ల హక్కు.

రాతలో "సంప్రదాయం, ఆధునికతల మేళవింపు" అని మాత్రం రాయకండి. ఇంటివాళ్లు ఏం అడిగారు, మీరు దేనికి ఒప్పుకోలేదు, ఎందుకు? ఇది రాస్తే చాలు.

ఇంటివాళ్ల అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి, ఫోటోలు బయట అచ్చవుతాయని కూడా చెప్పి. మా ఇంటాయన వాళ్లమ్మగారు పూజగది తీయొద్దన్నారు, తీయలేదు.

ఖర్చు సంగతికొస్తే, మాకు అన్నీ కలిపి 38,000 రూపాయలు అయింది. అందులో ఎక్కువ భాగం ఫోటోగ్రాఫర్‌కే. దానివల్ల కొత్త క్లయింట్లు వచ్చారని చెప్పలేను. కానీ అప్పటి నుంచి మా ఆఫీసులో ఏ ఇంటి సెక్షన్ గీసినా వాన నీటి దారి నీలి గీతతో ముందు పడుతుంది.

ఎక్కడ పంపాలో ఇంకా తేల్చుకోకపోతే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ మన రాష్ట్ర చాప్టర్ ప్రకటనలు గమనించండి. జేకే సిమెంట్ వాళ్ల అవార్డుల్లో కూడా రాష్ట్రాలకు విడిగా విభాగం ఉంటుంది, ఆ ఏడాది ఏ రాష్ట్రాలకో చూసుకోవాలి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో, ఇల్లు పూర్తయిన తేదీ వాళ్లిచ్చిన గడువులో ఉందో లేదో ఇవాళే చూసేయండి. సెక్షన్ గీశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.