సోలార్ కనిపెడతానంటున్న అమ్మాయికి ఏ బ్రాంచి?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మావారు రొయ్యల చెరువు లీజుకి చేస్తారు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ, మార్కులు బాగానే వస్తాయి. సోలార్ పిచ్చి పట్టుకుంది. ఎండ ఎటుంటే అటు తిరిగే చిన్న సోలార్ ప్లేటు ఒకటి డాబా మీద చేసింది. కొబ్బరాకు నీడ పడితే కరెంటు ఎంత పడిపోతోందో నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంటుంది. సీఎస్ఈ వద్దట, కొత్త రకం సోలార్ కనిపెడుతుందట. మా తమ్ముడేమో ముందు ఆ తిరిగే ప్లేటుకి పేటెంటు తీసుకుందాం, ఈలోపు రీల్ పెడదాం అంటున్నాడు. ఇప్పుడు కొత్తగా తెల్లవారుజామున చెరువు గట్టు మీద రీడింగులు తీస్తానంటోంది. పంపమంటారా? అసలు ఏం చదివించమంటారు?"

అమ్మా,

మీరు పంపిన నోటుబుక్కు ఫోటోలు చూశాను. మూడో ఫోటో దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగిపోయాను. 11:40కి 0.98 ఆంపియర్లు, 11:50కి 0.95, 11:55కి ఒక్కసారిగా 0.31. దాని పక్కన పెన్సిల్‌తో, "ఒక్క ఆకు. ప్లేటులో పదో వంతు కూడా లేదు. మరి ఇంత ఎందుకు?" అని రాసుంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి దారి చెప్పే పనిలో ఉన్నాను, "నేను సైంటిస్టునవుతా" అన్నవాళ్లు లెక్కలేనంత మంది వచ్చారు, "మరి ఇంత ఎందుకు" అని రాసుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కాబట్టి పిచ్చి అనకండి, కనీసం ఆ పిల్ల ముందు అనకండి.

ముందు తన ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను, ఏం చదవాలో అందులోంచే తేలుతుంది. ప్లేటులో కనిపించే ఆ నల్లటి గళ్లు ఒక్కొక్కటీ ఒక సెల్. అన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఇల్లు కట్టే దగ్గర కూలీలు వరుసగా నిలబడి ఇటుకలు అందించుకోవడం చూసుంటారు కదా, మధ్యలో ఒకడు నీరసపడితే వాడి ముందువాళ్లు ఎంత హుషారుగా ఉన్నా అవతలికి చేరే ఇటుకలు వాడి చేతి వేగానికే వస్తాయి. నీడ పడిన సెల్ ఆ నీరసపడినవాడు. అందుకే ప్లేటు వెనక డబ్బాలో బైపాస్ డయోడ్లని పెడతారు, పెద్ద ప్యానెళ్లలో మామూలుగా మూడు. ఒక గుంపు మొరాయిస్తే కరెంటు దాన్ని పక్కన పెట్టి దాటిపోతుంది. దాటిపోతుందంటే ఆ గుంపు మొత్తం ఉత్పత్తి పోయినట్టే, అయినా మిగతావి బతుకుతాయి. తన దగ్గరున్న చిన్న ప్లేటులో డయోడ్లు ఎన్ని ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో చూడమనండి.

ఈ నీడ విషయంలో నాకూ ఒక కడుపుమంట ఉంది, చెప్పనివ్వండి. మా ఇంటి మీద ప్యానెళ్లు పెట్టించింది మే నెలలో. వచ్చిన కుర్రాడు మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి నాలుగు వైపులా చూసి, నీడే లేదు సార్ అన్నాడు. నిజమే, మే నెలలో మనకి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, జూన్‌లో అయితే కాస్త ఉత్తరానికి కూడా ఒరుగుతాడు. డిసెంబరు వచ్చేసరికి దక్షిణానికి దిగిపోయి మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 50 అడుగుల కొబ్బరి చెట్టు నీడ ఉత్తరంగా 40 అడుగులు దాటి పాకుతుంది. మా దక్షిణం గోడ అవతల, పక్కింటివాళ్ల చెట్లు మూడు ఉన్నాయి. చెట్టు కొట్టమని అడగలేం, ప్యానెళ్లు జరపడానికి మళ్లీ డబ్బులు. ఆ కుర్రాడిని తప్పు పట్టను, బోల్టులు బిగించడం నేర్పారు కానీ సూర్యుడు ఏ నెలలో ఎటుంటాడో ఎవరూ చెప్పలేదు. అమ్మాయి గమనిస్తున్నది సరిగ్గా ఆ లోటునే.

సరే, "కనిపెట్టడం" అన్న మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇంట్లో గొడవంతా ఆ మాట చుట్టూనే ఉన్నట్టుంది. ఒక మేధావి ఒంటరిగా గదిలో కూర్చుని కనిపెట్టేస్తాడని మనకో బొమ్మ ఉండిపోయింది. సోలార్ సెల్ అలా రాలేదు. వెలుతురు పడితే కరెంటు పుడుతుందని 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరల్ అనే 19 ఏళ్ల కుర్రాడు చూశాడు, వాళ్ల నాన్న ప్రయోగశాలలోనే. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారం పూత వేసి సెల్ చేశాడు, పడిన ఎండలో ఒక శాతం దాకా కరెంటయింది. అంతే. పనికొచ్చే సెల్ రావడానికి ఆ తర్వాత ఇంకో 70 ఏళ్లు పట్టింది.

అది అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో, 1954లో. దాని మొదలు నాకు భలే నచ్చుతుంది. డేరిల్ చాపిన్ అనే ఇంజినీరుకి ఇచ్చిన పని సోలార్ కనిపెట్టమని కాదు. ఉక్కపోతగా ఉండే వేడి ప్రాంతాల్లో టెలిఫోన్ పరికరాలకి పెట్టిన బ్యాటరీలు తేమకి పాడైపోతున్నాయి, వేరే దారి చూడమన్నారు. తేమ, ఉక్క, పాడైపోయే బ్యాటరీలు, అంటే మన ఊరి సమస్యే అనుకోండి. చాపిన్ ముందు సెలీనియంతో కుస్తీ పట్టాడు, ఒక శాతం కూడా దాటలేదు. అదే సంస్థలో జెరాల్డ్ పియర్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త సిలికాన్‌తో వేరే పని చేసుకుంటూ, దాని మీద వెలుతురు పడితే కరెంటు బాగా వస్తోందని గమనించి, సెలీనియం మీద టైమ్ వృథా చేసుకోకని చాపిన్‌కి చెప్పాడు. ఆ సిలికాన్‌లోకి వేరే మూలకాలని కొద్దికొద్దిగా ఎక్కించే విద్య కాల్విన్ ఫుల్లర్ అనే రసాయన శాస్త్రవేత్తది. ముగ్గురూ కలిస్తే 6 శాతం వచ్చింది. దాంతో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పి చూపించారు. నాలుగేళ్లకి, 1958లో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సోలార్ సెల్స్‌తో ఆకాశంలోకి వెళ్లింది.

ఒక సెల్, మూడు చదువులు. మీ అమ్మాయి ఆ ముగ్గురిలో ఎవరు అన్నది ప్రశ్న. సోలారా సీఎస్ఈయా అన్నది కాదు.

పియర్సన్, ఫుల్లర్ల దారి అంటే కొత్త పదార్థం వెతకడం. ఇప్పుడు అందరి నోటా ఉన్నది పెరోవ్‌స్కైట్. 2009లో జపాన్‌లో మియసాకా బృందం దాంతో సెల్ చేస్తే 3.8 శాతం వచ్చింది, ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 దాటింది. సిలికాన్ ఒంటరిగా సిద్ధాంతం ప్రకారం ఎంత లాగినా 29 దగ్గర ఆగిపోతుంది కాబట్టి, సిలికాన్ మీద ఈ పొర వేసి రెండూ కలిపి వాడదామని ప్రపంచమంతా పోటీ. చిక్కేంటంటే అది తేమకి పాడవుతుంది, మన దగ్గర వర్షాకాలంలో డబ్బాలో పెట్టిన అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక దాని సంగతి చెప్పాలా. ఈ దారిలో వెళ్లాలంటే ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో అయిదేళ్ల బీఎస్-ఎమ్మెస్ (దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది), లేదా మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. ఐఐటీ బాంబేలో సోలార్ పరిశోధనకే 2010 నుంచి ఒక జాతీయ కేంద్రం ఉంది, అలాంటి చోట్లకి చేరడం గురి. ఇంటర్ తర్వాత పది పన్నెండేళ్లు లెక్కేసుకోండి, మధ్యలో ఫెలోషిప్ వస్తుంది కానీ పక్కింటి అబ్బాయి హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నాడని విన్నప్పుడల్లా మీకు గుండె కలుక్కుమంటుంది. అది తట్టుకోగలమా అని మీరూ మీవారూ ముందే మాట్లాడుకోవాలి.

చాపిన్ దారి వేరు. పదార్థం ఎవరో ఇస్తారు, దాంతో ఫలానా చోట ఫలానా పని జరగాలి, ఎలా? ఇన్వర్టర్లు, బ్యాటరీ చార్జింగ్, ఎండ మారుతున్నా ప్లేటు నుంచి అత్యధికంగా లాగే ఎంపీపీటీ సర్క్యూట్లు, నీడ పడినా నష్టం తగ్గించే మైక్రో ఇన్వర్టర్లు, ఇదంతా ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్. నోటుబుక్కు చూస్తే మీ అమ్మాయి నాకు ఇక్కడే కనిపిస్తోంది. తను పదార్థం గురించి ఒక్క ప్రశ్న కూడా రాయలేదు. రాసినవన్నీ నీడ, తీగ, మోటారు. చివరి పేజీలో అయితే, "రాత్రి ఏరియేటర్లకి సోలార్ ఎలా?" అని ఉంది.

ఆ చివరి ప్రశ్న చిన్నది కాదమ్మా. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున, రొయ్య తేలేది అప్పుడే, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకూడనిదీ అప్పుడే. సోలార్ వచ్చేది పగలు. ఒక హార్స్‌పవర్ ఏరియేటర్ రాత్రి 10 గంటలు తిరిగితే ఏడున్నర యూనిట్ల పైనే కావాలి. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే ఒక్క ఏరియేటర్‌కి రెండు కిలోవాట్లకు పైగా ప్యానెళ్లు, ఆ కరెంటంతా దాచే బ్యాటరీ. మీ చెరువులో ఎన్ని తిరుగుతున్నాయో లెక్కేసుకోండి, ఎందుకు ఎవరూ పెట్టడం లేదో అర్థమవుతుంది. పగలు సోలార్ కరెంటు గ్రిడ్‌కిచ్చి రాత్రి గ్రిడ్ నుంచి తీసుకోవడం ఒక దారి, డీవో చూసుకుని అవసరమైనప్పుడే మోటారు తిప్పే తెలివైన స్టార్టర్ ఇంకో దారి. ఈ రెండో దాంట్లో చేయాల్సిన పని చాలా ఉంది, అది చేయడానికి భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల చెరువుల కంటే మంచి ల్యాబ్ ఏ ఐఐటీలోనూ దొరకదు.

కాబట్టి నా సలహా ఈఈఈ. జేఈఈ రాయించండి, ఈఏపీసెట్ ఎలాగూ రాస్తుంది, కాకినాడ జేఎన్‌టీయూ వస్తే సంతోషం. రాకపోతే ప్రైవేటు కాలేజీకి వెళ్లే ముందు ఒక పని చేయండి: ఫీజు కౌంటర్ దగ్గరికి కాకుండా పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌కి వెళ్లండి. సీఆర్వో (కరెంటు తరంగాలని తెర మీద చూపించే పరికరం) మీద దుమ్ము ఉందా, వేలిముద్రలున్నాయా చూడండి. దుమ్ముంటే వెనక్కి వచ్చేయండి, బిల్డింగు ఎంత బాగున్నా సరే. ఈఈఈ చేస్తే ఎంటెక్‌కి వెళ్లే గేట్ పరీక్ష ఉంది, విద్యుత్ సంస్థల్లో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) పోస్టులున్నాయి, ఇన్వర్టర్ కంపెనీలున్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, ఉంటుందని మీకు అబద్ధం చెప్పను. కోడింగ్ మాత్రం వదలొద్దు, ఆ స్టార్టర్‌కి బుర్ర పెట్టాలంటే ప్రోగ్రామ్ రాయాల్సిందే, బంధువులకి కూడా "కోడింగ్ నేర్చుకుంటోంది" అని చెప్పుకోవచ్చు.

నా అంచనా తప్పు కావచ్చు కూడా. పరీక్షలయ్యాక ఫిజిక్స్ పుస్తకంలో సెమీకండక్టర్ల పాఠం, ఏసీ సర్క్యూట్ల పాఠం రెండూ తన టేబుల్ మీద వదిలేసి చూడండి. మార్కులతో పని లేనప్పుడు ఏది తెరుస్తుందో చూడండి. సిలికాన్ లోపల ఎలక్ట్రాన్ ఏం చేస్తోందన్న దగ్గర అన్నం కూడా మర్చిపోతే ఐసర్ మాట మళ్లీ మాట్లాడుకుందాం.

తిరిగే ప్లేటు సంగతి. చేతిపని బాగుంది, పాత బొమ్మకారు మోటారుతో అంత సాఫీగా తిప్పడం సులువు కాదు. కానీ కొత్త ఆవిష్కరణ కాదు, ట్రాకర్లని పెద్ద పెద్ద సోలార్ పార్కుల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. డాబాల మీద ఎందుకు పెట్టరంటే, ప్యానెళ్లు ఇంత చవకయ్యాక తిప్పే యంత్రం కొనే బదులు ఇంకో ప్యానెల్ కొనుక్కోవడమే నయం. పైగా మన ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పట్టేస్తాయి, తుపాను గాలికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇది తనకి చెప్పండి, బాధపడదు, ఎందుకని అడుగుతుంది.

మీ తమ్ముడుగారికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి. పేటెంటు కావాలంటే దరఖాస్తు పెట్టకముందు బయటపెట్టకూడదు. రీల్ పెట్టారంటే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, కొత్తదనం పోయినట్టే లెక్క. రేపు నిజంగానే ఆ స్టార్టర్ లాంటిదేదైనా కుదిరితే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టుకోవచ్చు, పూర్తి వివరాలివ్వడానికి అప్పటి నుంచి 12 నెలలు టైమ్ ఉంటుంది. రీల్ ఆ తర్వాత.

ఇక తెల్లవారుజాము రీడింగులు. పంపండి, కానీ వాళ్ల నాన్నతో. ఏరియేటర్ల తీగలు గట్టు మీద గడ్డిలో ఎలా పడుంటాయో మీకు తెలుసు, అతుకులకి టేపు ఊడిపోయి ఉంటుంది, కాళ్ల కింద తడి. తీగల జోలికి, స్టార్టర్ డబ్బా లోపలికి చెయ్యి పెట్టకూడదు, రీడింగు మీటరు అద్దం బయట నుంచే రాసుకోవాలి. డీవో మీటరు మీవారి దగ్గర లేకపోతే మేత కంపెనీ టెక్నీషియన్ వచ్చిన రోజు అడిగి చూడండి. మూడు గంటలకొకటి, నాలుగున్నరకొకటి, ఆరింటికొకటి, పది రోజులు చాలు. కాళ్లకి రబ్బరు బూట్లు వేయించండి, టార్చిలైట్లు రెండు ఇవ్వండి.