రోజుకో చిన్న ఆయిల్ పెయింటింగ్: వస్తువుల్ని ఎలా అమర్చుకోవాలి?

గుంటూరులో ఉంటూ రోజూ ఆరంగుళాల బోర్డు మీద ఒక స్టిల్ లైఫ్ (ఎదురుగా అమర్చుకున్న వస్తువుల బొమ్మ) వేస్తున్నానని, బొమ్మ మాత్రం చెల్లాచెదురుగా వస్తోందని అడిగారు.

నా అనుభవంలో చిక్కంతా వస్తువుల సంఖ్యతోనే. అంత చిన్న బోర్డు మీద రెండు చాలు, మహా అయితే మూడు. ఒక ఇత్తడి చెంబు, పక్కన గుప్పెడు ఎండుమిరపకాయలు. కాయలు ఒకదాన్నొకటి తాకుతూ కుప్పగా ఉంటే అన్నీ కలిసి ఒకే ఆకారం అవుతాయి. ట్యూబ్‌లైటు ఆపేసి, ఒక్క కిటికీ వెలుతురే ఉంచండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగు, నీడ మిగులుతాయి. రెండూ సరిసమానంగా ఉంటే బొమ్మ చప్పగా ఉంటుంది, చెంబును కాస్త జరపండి. నీడకూ చోటివ్వాలి సుమా, అదీ ఒక ఆకారమే.

ఇంకాస్త దగ్గరికి వెళ్లండి. మిరపకాయల ఎరుపు చెంబు పొట్ట మీద పడి, ఇత్తడి పసుపులో సన్నటి నారింజ చార కనిపిస్తుంది. నాకైతే బొమ్మంతా ఆ చారలోనే ఉంటుంది. అది పడితే రెండు వస్తువులూ ఒకేచోట ఉన్నట్టు తెలుస్తుంది. కాయ మీది వెలుగు కోసం ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ రంగైపోతుంది, కొంచెం నారింజ కలపండి.

లిన్సీడ్ (అవిసె) నూనె రంగులు ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి రంగు పచ్చిగా ఉండగానే ముగించాలి: ముదురు రంగులు ముందు పలచగా, వెలుగులు చివర్లో మందంగా.

రోజూ కొత్త వస్తువులు వెతకక్కర్లేదు. ఇటలీలోని బొలోన్యాలో చిత్రకారుడు జార్జో మొరాండి (1890–1964) అవే సీసాలు, గిన్నెలు జరిపి జరిపి దశాబ్దాల పాటు వేశారు. రేపు అదే చెంబును రెండంగుళాలు కిటికీ వైపు జరపండి.