హామ్ రేడియో వాలంటీరుగా చేరితే ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. హామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాసి, తుపాన్లు, భూకంపాలు వచ్చినప్పుడు సమాచారం అందించే వాలంటీర్ల బృందంలో చేరతానంటోంది. వారానికి ఒకటి రెండు సాయంత్రాలు దీనికే పోయేలా ఉన్నాయి. చేతిలో ఫోన్ ఉండగా ఈ రేడియోలెందుకో నాకు అర్థం కావడం లేదు. దీంతో ఉద్యోగం వస్తుందా? రేడియో కొనిపెట్టమంటోంది, ఏది కొనాలి? అసలు ప్రమాదం లేదా?
- ఒక తండ్రి

జవాబు: ఉద్యోగం సంగతి ముందు తేల్చేద్దాం అండీ. హామ్ రేడియోలో జీతం లేదు, ఉండకూడదన్నదే నియమం. హామ్ రేడియో అసలు పేరు అమెచ్యూర్ సర్వీసు, అంటే డబ్బు ఆశించకుండా, సొంత ఆసక్తితో చేసేదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి ‘ఇప్పుడు వాలంటీరుగా చేరితే తర్వాత పర్మనెంటు చేస్తారు’ లాంటి ఆశ పెట్టుకోవద్దు. అయినా మీ అమ్మాయిని ఆపవద్దనే నా సలహా. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు సిగ్నల్‌ను సమీకరణాల్లోనే చూస్తారు. అవతల ఒకరి ప్రాణం ఆ సిగ్నల్ మీద ఆధారపడినప్పుడు, ఉన్న బ్యాటరీతో, ఉన్న తీగతో దాన్ని ఎలా నిలబెట్టాలో తరగతి గదిలో నేర్పడం కష్టం. ఈ బృందాలు నేర్పేది అదే.

ఫోన్ సంగతి అడిగారు. ఫోన్ పలకాలంటే దగ్గర్లోని టవర్‌కు కరెంటు ఉండాలి, ఆ టవర్‌ను మిగతా నెట్‌వర్క్‌తో కలిపే ఫైబరో మైక్రోవేవ్ లింకో తెగకుండా ఉండాలి, ఊరంతా ఒకేసారి ఫోన్ చేయకూడదు. పెద్ద విపత్తులో ఈ మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. 2017 సెప్టెంబరులో మరియా హరికేన్ తాకాక ప్యూర్టోరికోలో సెల్ టవర్లలో సుమారు 95 శాతం మూగబోయాయి. రెడ్‌క్రాస్ అడిగితే అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ 22 మంది ఆపరేటర్లను అక్కడికి పంపింది. 2004 డిసెంబరు సునామీ వేళ, అంతకుముందే రేడియో యాత్ర మీద పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లి ఉన్న హామ్ బృందం తన స్టేషన్‌ను సహాయ సమాచారానికి మళ్లించింది. హామ్ స్టేషన్‌కు టవర్‌తో పనిలేదు. ఇటు ఒక సెట్టు, అటు ఒక సెట్టు, మధ్యలో ఆకాశం. ఫోన్లు తిరిగి లేచేదాకా ఆ కొన్ని గంటలో కొన్ని రోజులో దీని అవసరం. అంతకు మించి గొప్పలు చెప్పే బృందం కనిపిస్తే జాగ్రత్తగా ఉండండి.

ఇక మీ అమ్మాయి నిజంగా నేర్చుకునేది ఏమిటంటే, అన్నిటికన్నా ముందు, ఒక సందేశాన్ని చెక్కుచెదరకుండా దాటించడం. వినడానికి చిన్నదే. చేసి చూస్తే తెలుస్తుంది. సహాయ శిబిరం నుంచి ‘ఇన్సులిన్ 20 వయల్స్, చల్లటి పెట్టెలో, సాయంత్రం 6 లోపు’ అని పంపాలనుకుందాం. గరగర మధ్య ‘ఇరవై’ అన్నది అవతలివాళ్లకు ‘అరవై’గా వినిపిస్తుంది. డెబ్భై, తొంభైలదీ అదే గొడవ. అందుకే అంకెలను విడివిడిగా, ‘రెండు, సున్నా’ అని చెప్పి, ఆ తర్వాతే ‘ఇరవై’ అనాలి. పేర్లు, మందుల పేర్లయితే ‘ఎ’కి ఆల్ఫా, ‘బి’కి బ్రావో, ‘సి’కి చార్లీ అంటూ అక్షరాలు విప్పి చెప్పాలి. సందేశం నోటిమాటగా పోకూడదు. సందేశం సంఖ్య, అది ఎంత అత్యవసరమో, ఎవరికి, ఎవరి నుంచి, ఏ సమయానికి, అసలు మాట, అందులో ఎన్ని పదాలు, ఇవన్నీ ఫారం మీద ఉండాలి. పదాల లెక్క ఎందుకంటారా? అందుకున్నవాళ్లు రాసుకున్నవి లెక్కపెడతారు. ఇటు 8 అని చెబితే అటు 7 వచ్చాయంటే ఎక్కడో ఒక మాట జారింది. అప్పుడు మొత్తం మళ్లీ చదవమనరు. ‘వయల్స్ తర్వాతి మాట మళ్లీ చెప్పండి’ అని ఆ ఒక్కచోటే అడుగుతారు. పూర్తిగా రాసుకున్నాకే ‘అందింది’ అంటారు. ఆ మాట అన్నాక బాధ్యత వాళ్లదే.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు, మంచి మనసుతోనే, సందేశాన్ని ‘బాగుచేయడం’. డాక్టర్ రాసిన మాట అర్థం కాలేదని తమకు తెలిసిన మాటతో మారుస్తారు. సందేశం పంపినవారిది. రాసిన అక్షరం రాసినట్టే పోవాలి, అనుమానం ఉంటే పంపినవారినే అడగాలి. రెండో తప్పు వేగం. మనం మాట్లాడే వేగంతో ఎవరూ రాయలేరు. నాలుగైదు పదాలు చెప్పి, మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకునే పీటీటీ బటన్ వదిలి, ఆగాలి. ఆ విరామంలో అంతకంటే అత్యవసరమైన పిలుపు ఉన్న మరొకరు లోపలికి రాగలుగుతారు. మూడోది, పీటీటీ బటన్ నొక్కీ నొక్కకముందే మాట్లాడేయడం. మన సిగ్నల్‌ను అందుకుని మళ్లీ దూరానికి ప్రసారం చేసే రిపీటర్, మన మాటతో పాటు సెట్టు పంపే సన్నటి ధ్వనిని (టోన్‌ను) గుర్తించి తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా మొదటి మాట పోతుంది. ‘మూడు వందల దుప్పట్లు’ అంటే అటు ‘వందల దుప్పట్లు’ అని చేరుతుంది. నొక్కాక ఒక సెకను ఆగడం అలవాటు కావాలి, కంగారులోనూ తప్పని అలవాటు కావాలి. వారంవారం జరిగే నెట్, అంటే అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే సాధన, ఇందుకే. మీరు ‘పోయే సాయంత్రాలు’ అన్నది దీన్నే. నెట్‌ను నడిపే ఆపరేటర్ (నెట్ కంట్రోల్) ఒక్కో స్టేషన్‌నీ వరసగా పిలుస్తారు, పిలిచినప్పుడే మాట్లాడాలి. చాలా నెట్‌లు గంటలోపే ముగుస్తాయి. సెమిస్టర్ పరీక్షలప్పుడు రాలేనని ముందే చెబితే ఏ బృందమూ తప్పుపట్టదు, తప్పుపడితే అది చేరదగ్గ బృందం కాదు.

కొనే విషయానికి వద్దాం. లైసెన్సు చేతికి రాకముందు ఏ రేడియో సెట్టూ కొనవద్దు. లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్, లేకుండా ప్రసారం చేయడం చట్టవిరుద్ధం. ఈలోగా వినడానికి ఖర్చే లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ లాంటి రిసీవర్లను కంప్యూటర్ బ్రౌజర్‌లోనే తిప్పుతూ షార్ట్‌వేవ్ హామ్‌లను వినవచ్చు. నెల రోజులు విన్న తర్వాత కూడా అమ్మాయికి ఆసక్తి నిలిచిందంటే అప్పుడు ఖర్చు పెట్టండి.

మొదటి సెట్టు 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్ చాలు. అయితే దానితో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా మీద నమ్మకం పెట్టుకోవద్దు. కాంక్రీటు భవనంలో కూర్చుని దాంతో రిపీటర్‌ను అందుకోలేకపోతే చాలామంది ఎక్కువ వాట్ల సెట్టు వెతుకుతారు. తిరగాల్సింది యాంటెన్నా వైపు. హామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం తీగ దాదాపు 49 సెంటీమీటర్లు. ఒక ప్యానెల్ కనెక్టర్ మధ్యలో ఆ తీగను నిలువుగా టంకం పెట్టి, నాలుగు మూలలకూ 52 సెంటీమీటర్ల తీగలు నాలుగు బిగించి, 45 డిగ్రీలు కిందికి వంచితే గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా తయారవుతుంది. కిటికీ బయటో డాబా మీదో ఎత్తున కడితే అదే 5 వాట్లు చాలా దూరం పోతాయి. తీగను కాస్త పొడుగ్గా కోసుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుతో ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎక్కువ కోసేస్తే మళ్లీ అతికించుకోవాల్సిందే. ఆ కొలత నానోవీఎన్‌ఏ అనే చిన్న పరికరం మీద చేస్తే, పాఠ్యపుస్తకంలో బట్టీపట్టిన స్మిత్ చార్టు కళ్లముందు కదులుతుంది. ఈ ఒక్క పనికోసమైనా అమ్మాయిని ప్రోత్సహించండి.

శిబిరంలో పెట్టే స్టేషన్‌కు 50 వాట్ల మొబైల్ సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ వాడతారు. ఎంత బ్యాటరీ కావాలో లెక్క వేయడం రావాలి. అలాంటి సెట్టు వింటున్నప్పుడు అర ఆంపియర్, పూర్తి శక్తితో ప్రసారం చేస్తున్నప్పుడు 10 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. గంటలో పదో వంతు మాట్లాడితే సగటు సుమారు 1.45 ఆంపియర్లు. 20 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం వాడుకుంటే 11 గంటలు వస్తుంది. అదే శక్తిని 10 వాట్లకు తగ్గిస్తే ప్రసారానికి 4 ఆంపియర్లు అనుకున్నా దాదాపు 19 గంటలు వస్తుంది. అందుకే అవతలివాళ్లకు వినిపించేంత శక్తి చాలు, అంతకుమించి వాడకూడదన్న క్రమశిక్షణ.

ఇక్కడ పదేపదే చెడేది బ్యాటరీ నుంచి సెట్టుకు వెళ్లే వైరు. వినేటప్పుడు అంతా బాగుంటుంది, బటన్ నొక్కగానే సెట్టు ఆగిపోతుంది. సెట్టు పాడైందనుకుంటారు. 1 చదరపు మిల్లీమీటరు వైరు మూడు మీటర్లు వాడితే, పోనూ రానూ ఆరు మీటర్లలో 10 ఆంపియర్లకు ఒక వోల్టుకు పైగా పోతుంది. సగం వాడేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడు మీద 12.2 వోల్టులు ఇస్తుంటే సెట్టుకు చేరేది 11 చిల్లర. 13.8 వోల్టులకు 15 శాతం అటూఇటూ పనిచేసేలా చేసిన సెట్టుకు 11.7 కన్నా తగ్గితే చాలదు. వైరు మందం పెంచి, పొడవు తగ్గిస్తే సరిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి, సెట్టు పక్కన కాదు. మధ్యలో వైరు నలిగి షార్టయితే కాపాడాల్సింది ఆ వైరునే. బృందమంతా ఒకే రకం కనెక్టర్లు వాడాలి, లేకపోతే అవసరానికి ఒకరి బ్యాటరీ ఇంకొకరికి పనికిరాదు.

ఇంకో మామూలు చిక్కు, రిపీటర్ వినిపిస్తుంది కానీ మనం పిలిస్తే పలకదు. నూటికి తొంభైతొమ్మిది సార్లు టోన్ పెట్టకపోవడమో, ఆఫ్‌సెట్ (రిపీటర్ వినే, పలికే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా) తలకిందులు కావడమో కారణం. కంప్యూటర్ లేకుండా సెట్టు బటన్లతోనే ఫ్రీక్వెన్సీ, టోన్ మార్చడం అమ్మాయికి వచ్చి తీరాలి. రిపీటరే పడిపోతే సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, సింప్లెక్స్‌లో, ఏ ఫ్రీక్వెన్సీ మీద కలవాలో కాగితం మీద రాసి జేబులో ఉంచుకోవాలి.

కొండలు అడ్డొచ్చినా, వందల కిలోమీటర్ల దూరం అయినా వీహెచ్‌ఎఫ్, అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న 145 మెగాహెర్ట్జ్ లాంటివి, చాలదు. అప్పుడు షార్ట్‌వేవ్. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే కడితే సిగ్నల్ నిటారుగా పైకి పోయి, అయనావరణాన్ని తాకి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కురుస్తుంది. రాత్రికి ఆ పొర పలచబడితే 3.5 మెగాహెర్ట్జ్ వైపు దిగాలి. పొడవైన సరుకుల జాబితాలు గొంతుతో చదవకుండా రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ వ్యవస్థ ద్వారా పంపుతారు. ఇవి రెండో ఏడాది పాఠాలు, తొందర లేదు.

ప్రమాదం గురించి. ఈ వాలంటీర్ల చోటు శిబిరంలో, ఆస్పత్రిలో, కంట్రోల్ రూంలో. వరదలోకి దిగి మనుషుల్ని రక్షించడం వాళ్ల పని కాదు. పిలవకుండా తనంతట తానే రేడియో పట్టుకుని విపత్తు ప్రాంతానికి వెళ్లకూడదు. ప్యూర్టోరికోకు వెళ్లినవాళ్లూ అడిగితేనే వెళ్లారు. మీరు నిజంగా భయపడాల్సింది కరెంటు తీగల గురించి. యాంటెన్నా స్తంభం ఏ వైపు కూలినా తీగలకు మూడు మీటర్ల దూరంలోపు రాని చోటే నిలపాలి. ఉరుములు మొదలవకముందే యాంటెన్నా కేబుల్ ఊడదీయాలి. ఇంకో మాట: హామ్ ప్రసారం ఎవరైనా వినవచ్చు, రహస్య సంకేతాలు వాడకూడదు. రోగుల పేర్లు, చనిపోయినవారి పేర్లు గాలిలోకి వెళ్లకూడదని అమ్మాయికి బృందం నేర్పుతోందో లేదో అడగండి.

ఉద్యోగాల్లో ఇది నేరుగా ఉపయోగపడేది ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) టెస్టింగ్, యాంటెన్నా డిజైన్, టెలికాం నెట్‌వర్క్ ఆపరేషన్స్, ఉపగ్రహాల గ్రౌండ్ స్టేషన్లు, ప్రసార ట్రాన్స్‌మిటర్లు, విద్యుదయస్కాంత జోక్యం పరీక్షలు చేసే ల్యాబుల్లో. విపత్తు సమాచారమే వృత్తిగా కావాలంటే జీతమిచ్చే చోట్లు వేరే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపించే ఎమర్జెన్సీ టెలికమ్యూనికేషన్స్ క్లస్టర్ అలాంటిది. అక్కడ ఐపీ నెట్‌వర్కింగ్, ఉపగ్రహ లింకులు కూడా వచ్చి ఉండాలి. ఓడల్లో రేడియో పనికి హామ్ లైసెన్సు చెల్లదు, దానికి సముద్ర ఆపద సమాచార వ్యవస్థ జీఎండీఎస్‌ఎస్ సర్టిఫికెట్ వేరు.

రెజ్యూమెలో ‘హాబీలు: హామ్ రేడియో’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. కాల్‌సైన్, లైసెన్సు గ్రేడు, ఎన్ని నెట్‌లు నడిపింది, ఎన్ని సందేశాలు దాటించింది, తాను కట్టిన యాంటెన్నాకు ఎస్‌డబ్ల్యూఆర్ ఎంత వచ్చింది, ఇవి రాయాలి. ఇవన్నీ రెండేళ్ల తర్వాత గుర్తుండవు. అందుకని రేడియో కంటే ముందు మీరు కొనిపెట్టాల్సింది గట్టి అట్టల లాగ్‌బుక్. తేదీ, యూటీసీ (ప్రపంచమంతా ఒకటే అయిన ప్రామాణిక) సమయం, ఫ్రీక్వెన్సీ, స్టేషన్, ఏం చెడింది, ఎలా సరిచేసింది, మొదటి రోజు వెబ్‌ఎస్‌డీఆర్ మీద విన్నది సహా అందులో రాయమనండి.